ఏ పండగా లేని చలిమిడి

ఒకటో తారీఖు దగ్గర పడుతోందంటే రమణికి రెండు రోజుల ముందు నుంచే అన్నం సయించదు.

ఆ రోజు పొద్దున్నే దీపం పెట్టుకుని ఆమె చేసే మొదటి పని, ఇరవై రెండు కాగితపు గ్లాసుల మీద ఇరవై రెండు పేర్లు రాయడం. రాసి బాత్‌రూముల ముందు బల్ల మీద వరసగా పేరుస్తుంది. ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ పేరున్న గ్లాసు తీసుకుని లోపలికి వెళతారు. తిరిగొచ్చి, తల పక్కకి తిప్పుకుని, బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు. రమణి ఒక్కో గ్లాసులో ఒక్కో పుల్ల ముంచి చూస్తుంది. ఒక గీత వస్తే రిజిస్టరులో టిక్కు పెట్టాలి. రెండు గీతలొస్తే పేరు చుట్టూ సున్నా చుట్టాలి. సున్నా చుట్టిన పిల్ల ఆ వారంలోపు ‘ఏదో ఒకటి’ చేయించుకోవాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ ‘ఏదో ఒకటి’ అన్న మాట ఆ భవనంలో ఎవరూ పూర్తిగా పలకరు.

అమలాపురంలో కాలవ గట్టున, ఒకప్పుడు పెళ్ళిళ్ళు జరిగిన కల్యాణ మండపం అది. ఏసీ హాళ్ళు వచ్చాక దాని మొహం చూసేవాళ్ళు లేకపోయారు. సాయిదుర్గాప్రసాద్ అనే ఆయన అద్దెకి తీసుకుని జపాన్ వెళ్ళే నర్సు పిల్లలకి ట్రైనింగు సెంటరు పెట్టాడు. ఊళ్ళో అందరూ జపాన్ హాస్టలు అంటారు. రమణి అక్కడ వార్డెను. వంట కూడా ఆమె చేతి మీదే.

రమణికి ఇది కొత్త కాదు. పాతికేళ్ళ వయసులో కువైట్ వెళ్ళే ముందు మెడికల్లో తనకీ ఇదే పరీక్ష చేశారు. అక్కడ తొమ్మిదేళ్ళు పరాయివాళ్ళ పిల్లల్ని ఎత్తుకుంది. ఉన్న ఒక్క కూతురు అమ్మమ్మ దగ్గర పెరిగి, తల్లిని చూసి “ఈవిడెవరు?” అంది. అందుకని మొదట్లో ఆమె ఈ గ్లాసుల గురించి పెద్దగా ఆలోచించలేదు. బయటి దేశం వెళ్ళాలంటే ఇవన్నీ ఉంటాయనే అనుకుంది. కువైట్లో ఒక్కసారి అడిగారు, వీళ్ళు నెలనెలా అడుగుతున్నారు, తేడా అంతే అనుకుంది.

పాఠాలు వినడం మొదలుపెట్టాకే ఆమెకి సందేహాలొచ్చాయి.

సౌజన్య అనే టీచరు మధ్యాహ్నం పూట హాల్లో పాఠం చెబుతుంది. మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ ఒకటి పడుకుని ఉంటుంది. పిల్లలు దాన్ని ‘తాతగారు’ అంటారు. ఆ తాతగారిని పక్కకి తిప్పడం, డైపరు మార్చడం, నడుం కింద చెయ్యి వేసి లేపడం నేర్పుతుంది. నేర్పుతూ నేర్పుతూ ఆ దేశం సంగతులు చెబుతుంది. రమణి కూరగాయలు తరుగుతూ వెనక కూర్చుని వింటుంది.

“అక్కడ పసిపిల్లల డైపర్ల కన్నా ముసలాళ్ళ డైపర్లే ఎక్కువ అమ్ముడుపోతాయండి. జీతాలు ముప్పయ్యేళ్ళుగా పెద్దగా పెరగలేదు. పని మాత్రం పెరిగింది. పని చేసి చేసి చచ్చిపోతే దానికి వాళ్ళ భాషలో వేరే మాటే ఉంది,” అని ఒకరోజు చెప్పింది సౌజన్య.

“మాటుందా? చచ్చిపోవడానికా?” అంది రమణి వెనక నుంచి.

“ఆయ్, ఉందండి పిన్నిగారూ.”

పిల్లలు గొల్లున నవ్వారు. సౌజన్య కూడా నవ్వేసింది. “చూసేరా, ఔనంటానికి జపాన్‌లో ‘హై’ అనాలని ఆరు నెలల్నుంచి మీకు నేర్పుతూ నాకే ‘ఆయ్’ వచ్చేస్తంది.”

“అది సరేగానీ సౌజన్యమ్మా,” అంది రమణి, “పిల్లలు పుట్టక ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోతున్నాయంటావు. బళ్ళు మూసేస్తున్నారంటావు. పిల్లల్ని కనండి బాబూ అని గవర్నమెంటే బతిమాలుతుందంటావు. మరి అలాంటి దేశానికి కడుపుతో ఉన్న పిల్ల ఎదురొస్తే నెత్తిన పెట్టుకోవాలి గదా? మనమేంటి, ఇక్కడే గ్లాసులు పట్టుకుని కాపలా కాస్తన్నాం?”

సౌజన్య బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టింది. “అది ప్రసాదుగారిని అడగాలండి,” అంది.

ప్రసాదుగారిని అడిగింది రమణి. ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆయన కోపంగా మాట్లాడగా ఎవరూ వినలేదు. “వాళ్ళకి కావలసింది పనిచేసే చేతులండి రమణిగారూ. పిల్లలు కావాలంటే వాళ్ళే కంటారు. మనకెందుకండీ ఆ గొడవ?”

చేతులట! మిగతా మనిషిని ఇక్కడే మేకుకి తగిలించి వెళ్ళాలి కాబోలు అనుకుంది రమణి.

ఆ నెల ఒకటో తారీఖున పధ్నాలుగో గ్లాసులో పుల్ల ముంచితే రెండు గీతలొచ్చాయి. గ్లాసు మీద పేరు చూసింది. కుసుమ.

రమణి చుట్టూ చూసి, పుల్లని గుడ్డలో చుట్టి, కుసుమ పేరుకెదురుగా టిక్కు పెట్టింది. కువైట్లో కూడా ఒక్క అబద్ధం ఆడి ఎరగదు. “తప్పయితే తరవాత చూసుకో స్వామీ, ముందు ఈ పిల్ల సంగతి చూడు,” అని మనసులో ఐనవిల్లి వినాయకుడికి చెప్పుకుంది.

కుసుమది ముక్తేశ్వరం. పాతికేళ్ళు ఇంకా నిండలేదు. పెళ్ళయి రెండేళ్ళయింది. తల్లి లేదు. భర్త వీరేంద్ర తాటిపాకలో గ్యాసు పనికి కాంట్రాక్టరు కింద వెళతాడు. ఉంటే పని, లేకపోతే లేదు. జపాన్ మాట మొదట ఎత్తింది అతనే.

ఆ మధ్యాహ్నం స్టోరు గదిలో బియ్యం బస్తాల మధ్య కుసుమని కూర్చోబెట్టింది రమణి.

“ఎన్నో నెలమ్మా?”

“మూడో నెల పిన్నిగారూ.”

“మూడో నెలా? కిందటి నెల ఒక్క గీతే వచ్చింది గదే!”

కుసుమ తల వంచుకుంది. “అది నాది కాదండి. నా పక్క మంచం సత్యదుర్గది. తనే సగం పోసిచ్చింది.”

ఆడపిల్లలు ఒకరి దగ్గరొకరు చీరలు అరువు తెచ్చుకోవడం రమణి ఎరుగును, గొలుసులు తెచ్చుకోవడం ఎరుగును. ఈ అరువేమిటి? ఏ పాపం చేశారని ఈ చదువుకున్న పిల్లలకి ఈ రాత?

“మరి ఈ నెల ఇవ్వలేదా?”

“ఇస్తానంది. నేనే వద్దన్నాను. నాకు ఒకటే వాంతులు పిన్నిగారూ. దాగదింక.” “నాలుగో తారీఖున ఇంటర్వ్యూ. సెలెక్టయిపోతానని మా ఆయన అప్పుడే ఇల్లు కట్టడానికి ప్లాను గీయించేరు. ఆయనకి చెప్పలేదు. చెప్తే ఏమంటారో నాకు తెలుసు.”

“నీకేం కావాలి?”

అలా ఎవరూ తనని అడగలేదేమో, కుసుమ బియ్యం బస్తా కుట్టు గోటితో గీరింది. “వెళ్ళాలని ఉంది. ఇది కూడా ఉండాలని ఉంది. రెండూ కోరుకోవడం తప్పాండీ?”

రమణికి తప్పు కాదనే తోచింది. కానీ తనకి తోచినట్టు ఈ లోకం నడవడం లేదు కదా.

కోనసీమలో మూడో నెల వస్తే పుట్టింటివాళ్ళు పిల్లకి చలిమిడి పెడతారు. ఆ సంగతి ఇంకా నలుగురికీ చెప్పరు కాబట్టి, తలుపేసుకుని గుట్టుగా పెడతారు. దొంగ చలిమిడి అంటారు దాన్ని. కడుపు చల్లగా ఉండాలని. కుసుమకి పెట్టడానికి తల్లి లేదు. ఇది తెలిసీ పెట్టకుండా ఊరుకోవడం రమణి వల్ల కాలేదు. ఇలాంటి ఆచారానికి వంకలు చెప్పేంత చదువు ఆమె చదవలేదు.

మూడో తారీఖున బియ్యం నానబోసింది. నాలుగో తారీఖు పొద్దున్నే తడిపిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి, నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు వేసి కలిపింది. ఒక్క పిల్లకే చేస్తే అనుమానం వస్తుందని అందరికీ సరిపడా చేసింది. ఇంటర్వ్యూ రోజు కదా, దేవుడికి నైవేద్యం పెట్టానని చెప్పొచ్చు. ముందుగా కుసుమని స్టోరు గదిలోకి పిలిచి, తలుపేసి, బొట్టు పెట్టి, ఒళ్ళో జాకెట్టు గుడ్డలో చలిమిడి ముద్ద పెట్టింది. కుసుమ ఏడవలేదు. ఆకలిగా తినేసింది. తల్లి చేతుల్లో నలుగుపిండి ముద్దలోంచి పుట్టినవాడు కదా వినాయకుడు, ఈ పిండి ముద్ద సంగతి ఆయనే చూసుకోవాలి అనుకుంది రమణి.

తొమ్మిదింటికి ప్రసాదు వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో టై. వంటింట్లోకి తొంగి చూసి, “ఏంటండీ ఘుమఘుమలాడిపోతంది!” అంటూ పళ్ళెంలోంచి చలిమిడి తుంచి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

“అచ్చం మా అమ్మ చేసినట్టే ఉందండి రమణిగారూ. మా చెల్లికి మూడో నెలలో...”

నములుతున్న నోరు ఆగిపోయింది. కళ్ళు తెరిచాడు.

“ఇవాళ ఏం పండగండీ?”

“ఇంటర్వ్యూ గదండి. దేవుడికని...”

“దేవుడికి పులిహోర చేస్తారండి. చలిమిడి ఎవరికండీ?”

రమణి గరిటె కడుగుతూ నిలబడింది. జపాన్ నుంచి వచ్చిన దొరలెవరైనా అయితే ఆ పళ్ళెం చూసి మిఠాయి అనుకునేవారు. ప్రసాదు ఈ మట్టిలో పుట్టినవాడు. ఈ మాత్రం తనకి ముందే తట్టలేదేమిటా అని తల బాదుకోవాలనిపించింది.

ప్రసాదు సింకు దగ్గరికి వెళ్ళి నోట్లో ఉన్నది ఉమ్మేశాడు. కుళాయి తిప్పి పుక్కిలించాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. అంతా నెమ్మదిగా, శుభ్రంగా.

దొంగ చలిమిడి ఉమ్మేసిన మగాణ్ణి రమణి తన జన్మలో చూడలేదు.

“వాళ్ళు పదిన్నరకి వస్తారండి,” అన్నాడు ఎప్పటిలాగే మర్యాదగా. “ఈలోపు అందరికీ మళ్ళీ గ్లాసులివ్వండి. ఈసారి బాత్‌రూము తలుపులు తీసి ఉంచమనండి. ఏమనుకోకండి, నమ్మకం కుదరక అంతే.”

“నేనియ్యనండి.”

“ఆయ్, పరవాలేదండి. నేనే ఇస్తాను.”

గ్లాసుల దొంతర చంకలో పెట్టుకుని అతను హాల్లోకి నడిచాడు. నల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు వేసుకుని, జడలు బిగించి, ఇరవై రెండు మంది పిల్లలు వంగి దణ్ణం పెట్టడం సాధన చేస్తున్నారు. తలుపులు తీసి ఉంచాలన్న మాట అతని నోట పూర్తికాక ముందే కుసుమ వరసలోంచి ముందుకొచ్చింది.

“నేనే సార్. వాళ్ళనేం చెయ్యకండి.”

ప్రసాదు ఆమెని కోప్పడలేదు. పక్కకి పిలిచి, అన్నగారిలా గొంతు తగ్గించాడు. “దానికేముందమ్మా, కంగారు పడకు. ఇంటర్వ్యూ చక్కగా చెయ్యి. నువ్వే ఫస్టు ర్యాంకు. సెలెక్టయ్యాక మనకి తెలిసిన డాక్టరుగారున్నారు. ఒక్క పూట పని. వయసులో ఉన్నావు, మళ్ళీ కనచ్చు. ఏమ్మా?”

కుసుమ తల ఊపింది. ఔనన్నట్టో, వింటున్నానన్నట్టో రమణికి తెలియలేదు. తెలియకపోవడమే ఆమెని కాల్చేసింది. ఒప్పుకుందా? అప్పుడే ఒప్పేసుకుందా?

జపాన్ నుంచి వచ్చినావిడ పేరు మోరిగారు. ముసలాళ్ళ హోముకి మేనేజరు. నలభై ఆరేళ్ళుంటాయి. సన్నగా, నున్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంది. రాజమండ్రిలో విమానం దిగి నేరుగా వచ్చింది. సాయంత్రమే తిరుగు ప్రయాణం. ఇద్దరు పిల్లల ఇంటర్వ్యూల మధ్య రెండు నిమిషాలు ఖాళీ దొరికితే, కుర్చీలో నిటారుగా కూర్చునే నిద్రపోయింది. తలుపు చప్పుడు కాగానే నవ్వు మొహంతో లేచింది. కొబ్బరి బొండాం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రమణికి ఆవిడని చూసి జాలేసింది. జాలి వెనకాలే ఒక రకమైన వెగటు కూడా వచ్చింది. నిద్ర కూడా దొంగతనంగా పోవలసిన బతుకు ఏం బతుకు? ఆ బతుకులోకేనా ఈ పిల్లల్ని దణ్ణాలు పెట్టించి మరీ తోసేది?

కుసుమ వంతు వచ్చింది. లోపల మోరిగారు, ప్రసాదు, మాటలు తిప్పి చెప్పడానికి సౌజన్య ఉన్నారు. అతిథికి ఊరి మిఠాయి పెట్టమని ప్రసాదు వారం కిందటే చెప్పి ఉన్నాడు. బల్ల మీద చలిమిడి పళ్ళెం రమణి అప్పటికే పెట్టేసింది. అతను తియ్యమనడానికి వీల్లేకపోయింది.

మోరిగారు ఒక ముక్క తిని, మెచ్చుకుంటూ ఏదో అడిగింది.

“ఇదేమిటి అని అడుగుతున్నారు,” అంది సౌజన్య. ప్రసాదు వైపు చూసింది.

“ట్రెడిషనల్ స్వీటని చెప్పండి,” అన్నాడు ప్రసాదు.

సౌజన్య నోరు తెరిచే లోపే కుసుమ తనకొచ్చిన జపాన్ భాషలో, ఆగి ఆగి, తడుముకుంటూ ఏదో చెప్పింది. సౌజన్య మొహం పాలిపోయింది.

“ఏమందే?” అంది రమణి, తను అక్కడ మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయి.

“కడుపుతో ఉన్న పిల్లకి తల్లి పెట్టే తిండి అంది. ఇవాళ నాకోసం చేసేరు అంది. నెలనెలా గ్లాసుల్లో పరీక్ష చేస్తారని కూడా చెప్పేసింది.”

మోరిగారు చేతిలో ముక్కని మెల్లగా పళ్ళెంలో పెట్టింది. చాలాసేపు మాట్లాడింది. గొంతు పెంచలేదు. మధ్య మధ్య తల వంచింది. సౌజన్య ఒక్కో మాటే తెలుగులోకి తెచ్చింది.

“అలాంటి పరీక్షలు మేమెప్పుడూ అడగలేదు, మా చట్టంలో అవి కుదరవు అంటున్నారు.”

ప్రసాదు ఫ్యాను వైపు చూశాడు. రమణి అతని వైపు చూసింది. ఎవరూ అడగని పనా? ఇన్ని నెలలు ఈ చేతులతో చేసిందంతా ఎవరూ అడగనే లేదా?

“కానీ,” సౌజన్య ఆగింది. “కానీ మా హోములో అరవై మంది పెద్దవాళ్ళకి రాత్రి పూట ఇద్దరే ఉంటారు. ఒకరు సెలవు పెడితే రెండో మనిషి నిద్రపోవడం ఉండదు. అందుకని పెళ్ళైనవాళ్ళు కడుపులకి వంతు వేసుకుంటారు. పెద్దవాళ్ళది ముందు, చిన్నవాళ్ళది తరవాత. వంతు తప్పి కంటే అందరికీ క్షమాపణ చెప్పుకోవాలి. నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు జాబితాలో పేరు రాశారు. నా వంతు వచ్చేసరికి నలభై మూడు నిండేయి. ఇంక కడుపు రాలేదు... అంటున్నారు.”

ఇదంతా మోరిగారు నవ్వు మొహంతోనే చెప్పింది. రేషను షాపు దగ్గర ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది. ప్రసాదు ఉమ్మేసినప్పుడు కూడా రమణికి ఇంత అసహ్యం వెయ్యలేదు. దీనికెవరిని తిట్టాలో తెలియకపోవడమే ఎక్కువ రోతగా ఉంది. వంతులు వేసుకున్నది సర్కారు కాదట, రాక్షసులు కాదట. కలిసి అన్నం తినే ఆడవాళ్ళేనట.

కుసుమ లేచి నిలబడింది. ఈసారి తెలుగులోనే అంది, “సౌజన్య మేడం, ఇది సరిగ్గా చెప్పండి. బిడ్డకి ఏడాది నిండాక వస్తాను. పని నాకొచ్చు. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులొచ్చేయి. అప్పుడు తీసుకుంటారా? వంతులో మాత్రం నా పేరు రాయడానికి వీల్లేదు. అది నేనెవరి చేతికీ ఇవ్వను.”

మోరిగారు విని, లేచి, కుసుమకి నడుం వరకూ వంగి దణ్ణం పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. లేచి ఒక్క మాట అంది.

“ఆలోచిస్తాం అన్నారు,” అంది సౌజన్య. తరవాత నేల చూస్తూ, “అంటే కుదరదనమ్మా,” అంది.

ఆ వెంటనే తరవాతి పేరు పిలిచారు.

స్టోరు గదిలో పెట్టె సర్దుకుంటూ కుసుమ భర్తకి ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది, దాచేదేముందన్నట్టు. మూడో నెలని చెప్పింది, ఉద్యోగం రాలేదని చెప్పింది. “నెక్స్ట్ బ్యాచీ ఎప్పుడంట?” అన్నాడు అవతల వీరేంద్ర.

“జూన్లో.”

“జూన్ అంటే టైముంది గదే. ఇప్పుడే ఏదన్నా...”

“ఏదన్నా అంటే? పూర్తిగా చెప్పండి. ఇక్కడెవరూ పూర్తిగా చెప్పట్లేదు, మీరైనా చెప్పండి.”

అతను చెప్పలేదు. “ఇంటికి రా, మాట్లాడుకుందాం,” అన్నాడు.

“వస్తున్నాను. ఇల్లు గురించి మాట్లాడుకుందాం. నా ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. మూడోదాని గురించి మాట్లాడేది లేదు,” అని ఫోను పెట్టేసింది.

రమణి వంటింటి తాళాలు, రిజిస్టరు తీసుకెళ్ళి ప్రసాదు బల్ల మీద పెట్టింది. “మీరు మంచి మర్యాదస్తులండి,” అంది. “ఎవరూ అడక్కుండానే ఇంత చేసేరు. నేనూ, ఇది ఎవరడిగేరు అని అడక్కుండానే చేసేను. నా పాపం నాకుంటుంది. ఇంక మీది మీరు చూసుకోండి.”

“కూర్చోండి రమణిగారూ, ఆవేశపడకండి. మీరు మానేస్తే ఇంకొకరొస్తారు, ఏం ఆగుతుందండీ?” అన్నాడతను నొచ్చుకున్నట్టుగా.

ఆగదని ఆమెకీ తెలుసు. తనకి పైసా జీతం ఉండదనీ తెలుసు. ఇంటి దగ్గర కొబ్బరి దింపు పనికెళ్ళే మొగుడు జగ్గారావు ఏమంటాడో కూడా తెలుసు. అయినా మెట్లు దిగింది.

ముక్తేశ్వరం బస్సు కిక్కిరిసి ఉంది. ఇద్దరూ నిలబడ్డారు. మధ్యాహ్నపు ఎండ, ఎదురుగా ఎవరిదో ఎండుచేపల బుట్ట. ఊరు దాటక ముందే కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రమణి ఆమె నుదురు పట్టుకుని కిటికీ వైపు తోసింది.

“అయ్యయ్యో, చూసుకోవాలి గదండీ! చీర మీద పడతాది!” అని కిటికీ పక్కన కూర్చున్నావిడ అరిచింది. “బస్సెక్కే ముందు తినకూడదని తెల్దా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. కండక్టరు విసుగ్గా చూశాడు.

“తినడం కాదండి!” అంది రమణి. ఆ భవనంలో గుసగుసగా తప్ప అనని మాట బస్సంతా వినపడేలా అంది. “కడుపుతో ఉన్న పిల్లండీ!”

అందరూ ఒకేసారి మాట్లాడారు. కిటికీ పక్కావిడ చీర సంగతి వదిలేసి లేచి నిలబడింది. ఎండుచేపల బుట్ట వెనక్కి పోయింది. ఎవరో నిమ్మకాయ అందించారు. “ముందే చెప్పొద్దాండీ? సంతోషమైన మాట దాచుకుంటారా ఎవరైనా?” అని కసిరిందొక ముసలావిడ.

కుసుమ కూర్చుని, రమణి కొంగుతో మూతి తుడుచుకుంది. మొహం ఇంకా పాలిపోయే ఉంది. ముందు ఏమవుతుందో ఆమెకీ తెలియదు, రమణికీ తెలియదు.

“ఎన్నో నెలమ్మా?” అని అడిగింది ముసలావిడ.

కుసుమ చెప్పింది.